షోరూమ్ ఉద్యోగం: సేల్సా, వర్క్‌షాపా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ పూర్తి చేశాడు. ఖమ్మంలో ఒక బైక్ షోరూమ్ వాళ్లు సేల్స్‌లో చేరితే ఇన్సెంటివ్‌తో కలిపి 20 వేలు, వర్క్‌షాప్‌లో హెల్పర్‌గా అయితే 11 వేలు అంటున్నారు. మార్కెట్ పడిపోతే రెండూ ఉండవని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వర్క్‌షాప్‌లో చేర్చండి.

మీ బంధువుల భయం ఉత్తిది కాదు. 2018–19లో దేశంలో కంపెనీల నుంచి డీలర్లకు వెళ్లిన టూవీలర్లు 2 కోట్ల 11 లక్షల పైచిలుకు. 2021–22 నాటికి అవి కోటీ 35 లక్షల దగ్గరకు దిగాయి. అందరూ కరోనా అంటారు గానీ, జారుడు అంతకుముందే మొదలైంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాల్సి వచ్చింది. అదే నెలలో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ అప్పులు కట్టలేక సంక్షోభంలో పడడంతో, బండ్లకు లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీలు చేయి బిగించాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధన వచ్చి ధర మళ్లీ పెరిగింది.

డీలర్ ఎక్కడ దెబ్బతింటాడో చూడండి. బండిని ఎక్కువగా బ్యాంకు అప్పుతో తెచ్చి పెట్టుకుంటాడు. బండి 80 వేలు, వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే నెలకు 800. గోడౌన్‌లో 200 బండ్లుంటే నెలకు లక్షా 60 వేలు వడ్డీకే పోతుంది. నెలకు 200 అమ్మేచోట 100కు పడితే అదే స్టాక్ రెండు నెలలు కూర్చుంటుంది. నిలబడ్డ బండి బ్యాటరీ దిగిపోతుంది, పాత స్టాక్ అని కస్టమర్ డిస్కౌంట్ అడుగుతాడు. అద్దె తగ్గదు, వడ్డీ తగ్గదు. కోయడానికి చేతిలో ఉండేవి జీతాలే. మొదటి కోత టెలీకాలర్లకు, ఫీల్డ్‌లో తిరిగే సేల్స్ కుర్రాళ్లకు.

అందుకే ఆ 20 వేలలో ఫిక్స్‌డ్ ఎంతో అడగండి. నెలకు 15 బండ్లు దాటితేనే ఇన్సెంటివ్ అనే శ్లాబ్ ఉంటే, 14 అమ్మినవాడికి కూడా సున్నానే. అయితే ఆషాఢంలోనో మూఢంలోనో షోరూమ్ ఖాళీగా ఉందని కంగారు పడొద్దు. దసరా, దీపావళి కూడా చప్పగా సాగితే అప్పుడు ఆలోచించాలి.

వర్క్‌షాప్‌కు దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. అమ్మకాలు తగ్గిన కొన్ని నెలలకు ఫ్రీ సర్వీసులు తగ్గుతాయి. కానీ కొత్తది కొనలేనివాళ్లు పాత బండినే ఇంకో రెండేళ్లు లాగుతారు. చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు మార్చక తప్పదు. ఆయిల్ మార్పు వాయిదా వేస్తూ పోయినవాళ్లు చివరికి పిస్టన్, రింగుల పనితో వస్తారు. వారంటీ దాటాక చాలామంది రోడ్డు పక్క మెకానిక్ దగ్గరికే పోతారు, నిజమే. బీఎస్-6 ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా అందించే) బండ్ల విషయంలో మాత్రం స్కానర్, అంటే బండిలోని లోపాన్ని కోడ్ రూపంలో చూపే పరికరం, తెలిసినవాడికే గిరాకీ.

మీవాడు నేర్చుకోవాల్సింది అదే. స్టార్టింగ్ ట్రబుల్ అని బండి వస్తే ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు పైన ఉండాలి. 12 లోపుంటే ఛార్జ్ చేయకుండా ముందుకెళ్లొద్దు, తక్కువ వోల్టేజ్‌లో తప్పుడు కోడ్‌లు రావచ్చు. తర్వాత స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ సెన్సర్ కనెక్టర్‌లో నీళ్లు, తుప్పు, తెగిన వైరు ఉన్నాయేమో చూడాలి. అన్నీ బాగుంటేనే సెన్సర్ మార్చాలి. కోడ్ కనబడగానే పార్టు మార్చేస్తే కస్టమర్‌కు డబ్బు వదులుతుంది, బండి అదే కంప్లైంట్‌తో తిరిగొస్తుంది.

చేరేముందు బండ్లు కడిగే వాషింగ్‌లో ఎన్నాళ్లు, రిపేర్లు చేసే బే మీదికి ఎప్పుడు అని తేల్చుకోండి. ఉద్యోగిగా తీసుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో అడగండి, పీఎఫ్ పాస్‌బుక్‌లో డబ్బు పడుతోందో ప్రతి నెలా చూసుకోమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.

చేరాక కూడా ఓ కన్నేసి ఉంచాలి. జీతం పదో తేదీ దాటడం, మామూలు స్పేర్లు కూడా రాకపోవడం, కస్టమర్ దగ్గర లైఫ్ ట్యాక్స్ డబ్బు తీసుకున్నా రిజిస్ట్రేషన్ వారాల తరబడి ఆగడం. ఈ మూడోది కనబడిందంటే ఆ డబ్బు ఇంకెక్కడో తిరుగుతోందని అనుమానించాల్సిందే. జీతం స్లిప్పులు, అనుభవ పత్రం చేతికి తీసుకుని పక్క షోరూమ్‌లో అడగడం మొదలుపెట్టమనండి.

మాట్లాడటం అతని బలమైతే రెండేళ్లు పని నేర్చుకున్నాక, కస్టమర్‌తో మాట్లాడి బండి కంప్లైంట్ రాసుకునే సర్వీస్ అడ్వైజర్‌గా మారొచ్చు.