పిండిపదార్థాలు తగ్గిస్తే చర్మానికి మేలా, కీడా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 22. పదహారో ఏట మొదలైన మొటిమలు ఇంకా వదల్లేదు. పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రెండు నెలల్లో ముఖం శుభ్రపడుతుందని స్నేహితురాళ్లు చెబుతున్నారు. మందులు ఆపేసి ఆహారంతోనే ప్రయత్నించవచ్చా?

జవాబు: మీ స్నేహితురాళ్లు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. అయితే మొటిమల విషయంలో పిండిపదార్థాలు ఎంత తింటున్నామన్న దానికంటే, ఎలాంటివి తింటున్నామన్నదే ముఖ్యం. చక్కెర పానీయాలు, మిఠాయిలు, మైదాతో చేసిన పదార్థాలు త్వరగా జీర్ణమై రక్తంలో గ్లూకోజును ఒక్కసారిగా పెంచుతాయి. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతుంది. దాని వెంటే ఐజీఎఫ్-1 అనే హార్మోను ప్రభావం కూడా పెరుగుతుంది. ఈ రెండూ చర్మంలోని తైలగ్రంథులను ప్రేరేపించి జిడ్డును పెంచడమే కాక, రోమకూపాల లోపలి కణాలు వేగంగా పెరిగి దారి మూసుకుపోయేలా చేస్తాయి. పైగా, పురుష హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రోటీను కాలేయంలో తయారవుతుంది. ఇన్సులిన్ పెరిగితే అది తగ్గిపోయి, ఆ హార్మోన్లు స్వేచ్ఛగా పనిచేస్తాయి. పీసీఓఎస్ (అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే సమస్య) ఉన్న యువతులకు మొటిమలు మొండిగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. మీకు నెలసరి సక్రమంగా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా ఆ పరీక్షలు తప్పక చేయించుకోండి.

ఆస్ట్రేలియాలో 15 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 43 మంది యువకులపై 12 వారాల పాటు జరిపిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. గ్లూకోజును నెమ్మదిగా విడుదల చేసే ఆహారం తిన్నవారిలో మొటిమలు సగటున 23 దాకా తగ్గితే, మామూలు ఆహారం తిన్నవారిలో సుమారు 12 తగ్గాయి. మొదటి బృందం వారు బరువు కూడా తగ్గారు కాబట్టి, మేలు ఆహారం వల్లనా, బరువు తగ్గడం వల్లనా అన్నది అక్కడ తేలలేదు. ఆ యువకులు పిండిపదార్థాలు మానలేదన్న సంగతి మాత్రం మీరు ప్రత్యేకంగా గమనించాలి. వారి శక్తిలో దాదాపు 45 శాతం వాటి నుంచే వచ్చేలా ఆ ఆహారాన్ని రూపొందించారు. అంతకంటే ఆసక్తికరమైనది పాపువా న్యూగినీలోని కిటావా దీవి సంగతి. అక్కడ పరీక్షించిన 1,200 మందిలో ఒక్కరికీ మొటిమలు కనిపించలేదని 2002లో పరిశోధకులు ప్రకటించారు. ఆ దీవివాసుల ప్రధాన ఆహారం దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. అంటే పిండిపదార్థాలు పుష్కలంగా తినే మనుషులే వారు; వారి ఆహారంలో లేనివల్లా కార్ఖానాలో శుద్ధి చేసిన చక్కెర, పిండి వంటివి.

కాబట్టి తీపి పానీయాలు, మిఠాయిలు, మైదా పదార్థాలు తగ్గించి పప్పుధాన్యాలు, ముడిధాన్యాలు, కూరగాయలు పెంచండి. ఫలితం తెలియడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. పిండిపదార్థాలు మానేవారు వాటి స్థానంలో వే ప్రోటీన్ పొడి తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. పాల నుంచి తీసే ఈ పొడి ఇన్సులిన్‌ను బాగా పెంచుతుంది. దీన్ని మొదలుపెట్టాక మొటిమలు ఎక్కువైనవారు చాలామందే ఉన్నారు. మందులు మాత్రం ఆపవద్దు. మొటిమల చికిత్సగా ఏదైనా ఒక ఆహార విధానాన్ని సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఆహారాన్ని మందుకు తోడుగా వాడుకోండి. మందు మానేసి ఎదురుచూసే నెలల్లో ఏర్పడే గుంటలు ఆ తర్వాత ఏ ఆహారంతోనూ పూడవు.

ప్రశ్న: నేను కీటో డైట్ (పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే ఆహార విధానం) మొదలుపెట్టిన మూడు వారాలకు వీపు మీద, ఛాతీ మీద విపరీతమైన దురదతో ఎర్రటి పొక్కులు వచ్చాయి. తామర అనుకుని మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాశాను. తర్వాత స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కూడా వాడాను. కొన్ని పొక్కులు మానినచోట గోధుమరంగు మచ్చలు మిగిలాయి, వాటి పక్కనే కొత్తవి వస్తున్నాయి. ఒంట్లోని విషపదార్థాలు బయటికి పోతున్నాయి, ఓపిక పట్టమని జిమ్ శిక్షకుడు అంటున్నాడు.

జవాబు: ఓపిక పట్టవద్దు. చర్మం గుండా విషపదార్థాలు ఈ విధంగా బయటికి పోవడమన్నది వైద్యశాస్త్రంలో లేదు. మీరు రాసిన లక్షణాలు ప్రూరైగో పిగ్మెంటోసా అనే సమస్యకు బాగా సరిపోతున్నాయి. జపాన్‌కు చెందిన నాగషిమా అనే వైద్యుడు 1971లో దీన్ని మొదటిసారి వర్ణించారు. ఇటీవల దీనికి ‘కీటో ర్యాష్’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. పిండిపదార్థాలు రోజుకు సుమారు 50 గ్రాముల కంటే తగ్గినప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేసుకుంటుంది. ఆ కీటోన్లు రక్తనాళాల చుట్టూ వాపును రేపడం వల్ల ఈ దద్దురు వస్తుందని భావిస్తున్నారు. కీటో డైట్ చేసేవారిలోనే కాక, దీర్ఘకాలం ఉపవాసం ఉన్నవారిలో, బరువు తగ్గే శస్త్రచికిత్స జరిగినవారిలో, మధుమేహం అదుపు తప్పినవారిలో కూడా ఇది కనిపిస్తుంది.

తామరకూ దీనికీ తేడాను అద్దంలో మీరే కొంతవరకు గుర్తించవచ్చు. తామర ఒక పక్క మొదలై గుండ్రంగా విస్తరిస్తుంది. అంచు ఉబ్బి పొట్టు రాలుతుంటే మధ్యభాగం తేటపడుతుంది. కీటో ర్యాష్ వీపు, ఛాతీ, మెడ మీద రెండు వైపులా దాదాపు సమంగా వస్తుంది. చిన్న ఎర్రటి పొక్కులు ఒకదానితో ఒకటి కలిసి వల అల్లినట్టు కనిపిస్తాయి. అవి మానినచోట అదే వల ఆకారంలో గోధుమరంగు మిగులుతుంది. పాత మచ్చల మధ్య కొత్త ఎరుపు కనిపించడం దీనికి పెద్ద గుర్తు, మీరు సరిగ్గా దాన్నే రాశారు. అయినా చర్మవైద్యులు పొట్టును గీరి ఫంగస్ పరీక్ష చేసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపి నిర్ధారించాలి. రక్తంలో చక్కెర కూడా చూడాలి, ఎందుకంటే కొందరిలో అప్పటిదాకా బయటపడని మధుమేహమే అసలు కారణం కావచ్చు.

స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ దీనికి పెద్దగా పనిచేయదు. ఒకవేళ అది తామరే అయితే ఇంకా ముదురుతుంది. రెండు విధాలా నష్టమే కనుక దాన్ని వెంటనే ఆపండి. ముడిధాన్యాలు, పప్పులు, పండ్లు తిరిగి తినడం మొదలుపెడితే చాలామందిలో కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దురద తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యులు డాక్సీసైక్లిన్ లేదా మినోసైక్లిన్ ఇస్తారు. ఇక్కడ అవి పనిచేసేది ప్రధానంగా వాపును అణచడం ద్వారా. మచ్చలు పోవడానికి నెలలు పడుతుంది, వాటిని రుద్దకండి. మళ్లీ కీటోకు వెళితే దద్దురు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. మెడ వెనుక నల్లగా, మందంగా మారింది. ఎంత రుద్ది కడిగినా పోవడం లేదు. అన్నం మాన్పిస్తే పోతుందా?

జవాబు: అది మురికి కాదమ్మా, దయచేసి రుద్దకండి. అమ్మాయిని శుభ్రత లేదని మందలించి ఉంటే, అందులో ఆమె తప్పు లేదని ముందుగా చెప్పండి. దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించడం లేదనడానికి ఇది చర్మం చూపించే గుర్తు. బరువు, రక్తంలో చక్కెర, రక్తపోటు చూపించండి. ఎదిగే వయసులో పిండిపదార్థాలను పూర్తిగా మాన్పించకూడదు. తీపి పానీయాలు, చిరుతిళ్లు తగ్గించి, రోజూ ఆటలకు సమయం ఇచ్చి, అధిక బరువును మెల్లగా తగ్గిస్తే నలుపు కూడా మెల్లగా పలచబడుతుంది.

ప్రశ్న: నా వయసు 48. పిండిపదార్థాలు బాగా తగ్గించి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. ముడతలు పోతాయని ఆశపడితే చర్మం పొడిబారింది, దువ్వెన నిండా జుట్టు వస్తోంది.

జవాబు: శరీరం బరువును వేగంగా కోల్పోయినప్పుడు మామూలు కంటే ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల దశ నుంచి విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత రాలుతాయి. మీరు ఇప్పుడు చూస్తున్నది బహుశా అదే. కారణం సరిచేస్తే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. ప్రోటీను, ఇనుము, జింకు చాలినంత అందుతున్నాయో లేదో చూడాలి. ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. పిండిపదార్థాలతో పాటు పండ్లను, కూరగాయలను కూడా మానేసి ఉంటే విటమిన్-సి లోపిస్తుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీను తయారీకి అది తప్పనిసరి. పొడిబారడానికి కొంత కారణం ఆహారం మరీ తగ్గడం కావచ్చు. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి.

ఇక ముడతల సంగతి. రక్తంలో అధికంగా ఉండే చక్కెర కొల్లాజెన్‌కు అతుక్కుని దాన్ని బిరుసెక్కిస్తుందన్నది నిజమే. కానీ చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారడానికే సుమారు 15 ఏళ్లు పడుతుందని అంచనా. ఇప్పటికే బిరుసెక్కినది మూడు నెలల ఆహార నియమంతో కొత్తదిగా మారదు. పైగా ముఖంలో కొవ్వు తగ్గినప్పుడు ముడతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ముడతల గురించి మీకు చింత ఉంటే ఆహారం కంటే ముందు ఎండ నుంచి రక్షణ చూసుకోండి.

ప్రశ్న: మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నాను. కొవ్వు ఎక్కువగా ఉండే కీటో డైట్ కూడా చేయవచ్చా?

జవాబు: మీ వైద్యులకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. ఐసోట్రెటినాయిన్ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను పెంచగలదు. కీటో వల్ల కొందరిలో చెడు కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. రెండూ కలిసినప్పుడు కొవ్వుల పరీక్ష, కాలేయ పరీక్ష ముందొకసారి, మధ్యలో మరోసారి చేయించడం అవసరం. పోషకాల కోసమని విటమిన్-ఎ ఉన్న మాత్రలు మింగకండి. ఈ మందు ఆ విటమిన్ కుటుంబానికే చెందినది కనుక దుష్ప్రభావాలు ఎక్కువవుతాయి. రెండూ ఒకేసారి మొదలైతే పెదవులు పగిలినా, దద్దురు వచ్చినా కారణం మందో ఆహారమో తేల్చడం కష్టం, కాబట్టి మందు కోర్సు పూర్తయ్యేదాకా ఆహార ప్రయోగాన్ని వాయిదా వేయమనే నా సలహా.