అగ్రిమెంటు ముగిసినా ఇల్లు ఖాళీ చేయకపోతే?

ప్రశ్న: హైదరాబాద్‌లోని మా ఇంటికి నెలకు 14,000 అద్దె. 11 నెలల అగ్రిమెంటు అయిపోయినా అద్దెకున్నవాళ్లు కదలడం లేదు. కరెంటు తీయించవచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. తాళం వేసి వెళ్లగొట్టినా, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి వాళ్లు మళ్లీ ఇంట్లోకి రావచ్చు. నెల అద్దె 3,500 దాటింది కాబట్టి అద్దె చట్టం కింద తగాదాలు చూసే రెంట్ కంట్రోలర్ కాదు, సివిల్ కోర్టే మీకు దారి. ముందు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువిస్తూ లాయర్ నోటీసు పోస్టులో పంపండి. అందినట్టు రుజువు భద్రంగా దాచండి, కోర్టులో మొదట అడిగేది అదే. గడువు దాటాక మామూలుగా అద్దె తీసుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని వాదిస్తారు. డబ్బు తీసుకోవాల్సివస్తే రసీదులో ‘ఖాళీ చేయనందుకు నష్టపరిహారం’ అని స్పష్టంగా రాయండి. అప్పటికీ కదలకపోతే ఖాళీ చేయించమని దావా వేయండి.