సొంత పాటకి డబ్బులు పోయకుండా సోషల్ మీడియాలో ప్రచారం ఎట్టా చేసుకోవాలి?

తమ్ముడూ, కావలిలో ఉండి సొంత పాట చేసి యూట్యూబ్‌లో పెడితే మూడొందల వ్యూస్ దగ్గర ఆగిపోయింది, పదివేలిస్తే లక్ష వ్యూస్ తెప్పిస్తామని ఎవరో ఫోన్ చేస్తున్నారు, ఇవ్వాలా వద్దా అని అడిగావు కదా. ఇవ్వమాకు. ఒంగోల్లో నాతో ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించే అన్న ఒకాయన అట్టాంటి ప్యాకేజీ తీసుకున్నాడు, నెంబర్ అయితే పెరిగింది గానీ ఒక్క మనిషి కూడా కామెంట్ పెట్టలా, తర్వాత పాటకి వాళ్ళల్లో ఒక్కరూ తిరిగి రాలా. స్పాటిఫైలో అయితే ఇంకా ఇబ్బంది, దొంగ స్ట్రీమ్స్ అని తేలితే వాటికి పైసా ఇవ్వరు, 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్లకి, అంటే మన పాటని ఇట్టాంటి యాప్‌లకి చేర్చే కంపెనీలకి, జరిమానా కూడా వేస్తున్నారు, దాన్ని తిరిగి ఆర్టిస్టు మీదకే తోసేవాళ్ళు ఉన్నారు.

లక్ష సంగతి పక్కనబెట్టి ముందు నిజంగా వినే వెయ్యి మందిని పట్టుకో. ఎందుకు వెయ్యి అంటున్నానంటే స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకి గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ ఉంటేనే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వచ్చిద్ది, అంతకన్నా తక్కువైతే సున్నా. ఈ వెయ్యి మంది ఎక్కడో హైదరాబాద్‌లో దొరకరు, నువ్వు స్టేజీ ఎక్కి పాడినప్పుడు కింద కూర్చున్నవాళ్ళే వీళ్ళు. ఎస్పీ బాలు గారి నాన్న సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పినాయన, ఎదురుగా కూర్చున్న జనాన్ని పట్టుకోవడం మన జిల్లాలకి కొత్తేం కాదు.

నేను చేసేది చెప్తా. పెళ్ళి రిసెప్షన్ అయినా వినాయక చవితి పందిరి అయినా సినిమా పాటలు బాగా ఊపు మీదున్నప్పుడు మధ్యలో నా పాట ఒకటి పాడతా, చివర్లో పాడితే అందరూ భోజనాలకి లేస్తారు. కీబోర్డ్ స్టాండుకి చిన్న ఫ్లెక్సీ కట్టి దానిమీద క్యూఆర్ కోడ్ పెట్టా, కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ తీసి స్కాన్ చేసే జనం, ఎవరికీ నేర్పక్కర్లా. ఫోన్లో వీడియో తీస్తున్నవాళ్ళని దిగంగానే కలిసి పోస్ట్ చేసేటప్పుడు నన్ను ట్యాగ్ చెయ్యమని అడుగుతా, సిగ్గుపడను. వాట్సాప్ నెంబర్ కూడా ఇచ్చి సేవ్ చేసుకోమంటా, ఎందుకంటే నీ నెంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరిద్ది, ఇది తెలియక చాలామంది లిస్టు పెద్దదిగా పెట్టుకుని ఒక్కరూ చూడట్లేదని బాధపడతారు. మన వైపు స్టేటస్ చూడని ఇల్లు లేదు, ఒక్కోసారి రీల్ కన్నా స్టేటసే ఎక్కువ పనిచేసిద్ది.

రీల్స్ సంగతికొస్తే పాటని మొదటి నుంచి వరసగా ముక్కలు కోసి పెట్టమాకు. పాటలో ఏ లైన్ జనం నోట్లో ఆడిద్దో అది కనిపెట్టాలి, ఇంట్లో పిల్లోళ్ళ ముందు రెండు మూడుసార్లు పాడు, వాళ్ళు తర్వాత ఆడుకుంటా ఏ ముక్క అంటున్నారో అదే నీ లైన్. ఆ ఒక్క లైన్‌నే ఒకసారి ఉత్త గొంతుతో, ఒకసారి కొత్తపట్నం బీచిలో, ఒకసారి చేత్తో రాసిన సాహిత్యం కాగితం చూపిస్తా, ఇట్టా రకరకాలుగా పెట్టు, విసుగనిపిస్తది గానీ అది నీకే, చూసేవాళ్ళకి అదే మొదటిసారి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా వేసేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌కి కూడా ఇవ్వమని టిక్ పెట్టు, అప్పుడు పాట వాళ్ళ మ్యూజిక్ లైబ్రరీలోకి వచ్చిద్ది, నీ అభిమాని పెళ్ళి వీడియోకి కూడా నీ పాట పెట్టుకోవచ్చు.

ఇంకోటి, మిక్సింగ్ అయిన రోజే రిలీజ్ చేసే తొందర వద్దు. మూడు నాలుగు వారాలు ముందే అప్‌లోడ్ చేసి తేదీ పెట్టుకో, స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ అని పాటగాళ్ళ కోసం ఉండే పేజీలో రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందు పాటని పిచ్ చేస్తే, అంటే ప్లేలిస్టులో పెట్టమని స్పాటిఫై వాళ్ళని అడిగితే, ప్లేలిస్టులో పడకపోయినా నిన్ను ఫాలో అయ్యేవాళ్ళకి కొత్త పాటలు చూపించే రిలీజ్ రాడార్ లిస్టుకి వెళ్ళిద్ది, దానికి ఖర్చు లేదు. యూట్యూబ్ టైటిల్ తెలుగులో ఒకసారి ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకసారి రాయి, మనోళ్ళు ఎక్కువ ఇంగ్లీష్ అక్షరాలతోనే వెతుకుతారు. నెట్‌లో దొరికిన ఫ్రీ బీట్ మీద పాడి ఉంటే దాని లైసెన్స్ చదువు, లేకపోతే పాట కాస్త నడిచాక యూట్యూబ్‌లో ఆ మ్యూజిక్ మాదని ఇంకొకళ్ళ కంటెంట్ ఐడీ క్లెయిమ్ వచ్చి ఆ డబ్బులు వాళ్ళకే పోతాయి. పాట రాసినాయన వేరే మనిషి అయితే వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి, స్నేహితులైనా సరే.

ఆ పదివేలు అట్టా ఖర్చుపెట్టాలనే ఉంటే అందులో కొంచెంతో మంచి మైకు అద్దెకి తెచ్చుకుని అదే పాట లైవ్‌గా ఇంకోసారి రికార్డ్ చెయ్యి, మిగతాది దాచుకో. బాగా నడుస్తున్న రీల్ ఏదైనా ఉంటే దానికి మాత్రం రోజుకి వందో రెండొందలో పెట్టి నెల్లూరు, ఒంగోలు వరకే బూస్ట్ చేసి చూడు, నడవని రీల్‌కి డబ్బులు పోసినా అది లేవదు.

లింక్ ఈడ పెట్టు, రాత్రికి విని ఏ లైన్ నుంచి కోస్తే బాగుంటదో చెప్తా.