బాస్కెట్‌బాల్ జట్టుకు మేనేజర్‌గా చేరబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

అమెరికాలో మీ యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టులో స్టూడెంట్ మేనేజర్‌గా చేరాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మేనేజర్ అంటే ఆఫీసులో కూర్చునే పని అనుకుంటారు చాలామంది. కాదు. బంతులు, తువ్వాళ్లు, నీళ్లు, వీడియో, గడియారం చూసుకునే పని అది. అలాగని చిన్నచూపు చూడకు. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పైస్థాయి అయిన డివిజన్ 1 నియమాల ప్రకారం సీజన్లో ప్లేయర్ల చేత వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించి సాధన చేయించకూడదు. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవివ్వాలి. బంతి అందకో, గడియారం సెట్ కాకో ఆ గంటల్లో పోయిన నిమిషం కోచ్‌కి మళ్లీ దొరకదు. ఆ నిమిషాలు కాపాడడమే నీ ఉద్యోగం.

నీకూ ఒక 20 గంటల లెక్క ఉందని మర్చిపోకు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో పని ఉంటే అదీ అందులోకే వస్తుంది. కొన్ని జట్లు మేనేజర్లకు జీతం ఇస్తాయి, కొన్ని స్టైపెండ్, కొన్ని బూట్లూ బట్టలూ మాత్రమే. జీతం లేదు కాబట్టి లెక్కలోకి రాదులే అని నీ అంతట నువ్వు తేల్చేసుకోకు. చేరకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని కలిసి, వేరే ఊళ్లలో ఆటలకు వెళ్లే రోజుల సంగతి కూడా అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకో. సీజన్ మొదలయ్యాక గంటలు ఏ రోజుకారోజు రాసిపెట్టుకో.

దరఖాస్తు హెడ్ కోచ్‌కి పంపొద్దు, డైరెక్టర్ ఆఫ్ బాస్కెట్‌బాల్ ఆపరేషన్స్‌కి పంపు. మేనేజర్లను చూసుకునేది సాధారణంగా వాళ్లే. నువ్వు ఏ సంవత్సరం చదువుతున్నావో, ఏయే రోజుల్లో ఎన్ని గంటల నుంచి ఖాళీయో, వీడియో ఎడిటింగ్, ఎక్సెల్ లాంటివి ఏం వచ్చో పది లైన్లలో రాయి. ఆటంటే ప్రాణం అని ప్రతివాళ్లూ రాస్తారు. నీ టైంటేబుల్ జతచేస్తే మాత్రం ఆగి చూస్తారు. ఆటలు నవంబర్ మొదట్లో మొదలవుతాయి, పూర్తిస్థాయి ప్రాక్టీసు సెప్టెంబర్ చివర్లోనే మొదలైపోతుంది. కాబట్టి ఆగస్టులో అడిగితే ఆలస్యం, వేసవిలోనే అడగాలి. నువ్వు పూర్తికాల విద్యార్థివై ఉండాలి, మాస్టర్స్ అయినా ఫర్వాలేదు.

ప్రాక్టీసుకు కనీసం గంట ముందు జిమ్‌లో ఉండు. ముందు నేల. వెడల్పాటి పొడి మాప్‌తో ఈ చివర నుంచి ఆ చివరకు, మధ్యలో ఎత్తకుండా, ఒక చారమీదికి ఇంకో చార కొంచెం ఎక్కేలా తుడవాలి. మధ్యలో ఎత్తితే పోగైన దుమ్ము అక్కడే రాలుతుంది, దాని మీద బూటు జారుతుంది. తర్వాత బంతులు. మహిళల బంతి చుట్టుకొలత 28.5 అంగుళాలు, పురుషులది 29.5. రెండు జట్లూ ఒకే జిమ్ వాడే చోట ఈ రెండూ కలిసిపోతుంటాయి, రాక్‌లో ఒక్కో బంతినీ చేత్తో పట్టుకుని చూడు. గాలి ఎంత ఉండాలో వాల్వు పక్కనే ముద్రించి ఉంటుంది, మామూలుగా 7 నుంచి 9 పీఎస్ఐ. సూదిని తడిపి గుచ్చు. పొడిసూది వాల్వుని పాడుచేయొచ్చు, అప్పుడు గాలి పోయి ఆ బంతి మెత్తబడిపోతుంది. ఇంకో సంగతి, లీగ్ ఆటల్లో సొంతగడ్డ జట్టు బంతే వాడతారు, ఆ కంపెనీ జట్టును బట్టి మారుతుంది. వేరే ఊరి ఆటకు రెండు మూడు రోజుల ముందు నుంచే ఆ కంపెనీ బంతులు రాక్‌లో పెట్టమంటారా అని నువ్వే అడుగు. పట్టు తేడాగా ఉంటే షూటర్లకు మొదటి క్వార్టర్ అంతా చేయి కుదరదు.

ఇక రీబౌండింగ్, అంటే సాధనలో షూటర్ వేసిన బంతిని పట్టుకుని తిరిగి ఆమెకే అందించడం. నీ పనిలో సగం ఇదే. బోర్డు కిందే నిలబడిపోకు. మూలనుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువసార్లు అవతలి వైపుకు పోతుంది, దూరపు షాట్ దూరంగా ఎగురుతుంది. మూడు పాయింట్ల గీత బుట్ట నుంచి 22 అడుగుల 1¾ అంగుళాలు, కాబట్టి అక్కడి షాట్లకు రెండు మూడడుగులు వెనక్కి జరిగి అవతలి పక్కన ఉండు. బంతి తిరిగి ఇచ్చేటప్పుడు షూటర్ షాట్ వేసే చేతివైపు, ఛాతీ ఎత్తున, ఆమె చేతులు ఎక్కడ చాచిందో అక్కడ పడాలి. మోకాళ్ల దగ్గర పడితే ఆమె వంగి, మళ్లీ లేచి వేస్తుంది, లయ తప్పుతుంది. అప్పుడు షాట్ తప్పిందంటే కారణం ఆమె చెయ్యా, నీ పాసా అన్నది కోచ్‌కి తెలియదు. లెక్క కూడా నీదే. పడ్డవి పైకి లెక్కపెట్టు, వేసినవి మనసులో పెట్టుకో. "నలభైకి ఇరవైఏడు" అని చెప్పగలగాలి, "బాగానే పడ్డాయి" అంటే ఎవరికీ పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, దొర్లిపోయే బంతి. ఒక ప్లేయర్ గాల్లోకి లేచినప్పుడు ఇంకో బంతి ఆమె కాలికిందకి వస్తే చీలమండ మెలిపడుతుంది, వారాలపాటు ఆటకు దూరమవుతుంది. అలాంటి బంతి కనపడితే చేతిలో పని వదిలేసి "బాల్!" అని గట్టిగా అరిచి వెళ్లి పట్టుకో. మొహమాటపడకు.

డ్రిల్స్‌లో పాసులివ్వచ్చు, ప్యాడ్ పట్టుకోవచ్చు. కానీ మోచెయ్యి లోపలికి పెట్టు లాంటి సలహాలు మాత్రం ఇవ్వకూడదు. శిక్షణ ఇవ్వడం మేనేజర్ పని కాదని నియమాల్లోనే ఉంది. ఎంత చనువున్నా సరే.

వీడియో తీయమంటే పైన మధ్యగీతకు ఎదురుగా ట్రైపాడ్ పెట్టు. కొత్తవాళ్లంతా చేసే పొరపాటు, బంతి వెంట జూమ్ చేస్తూ పోవడం. కోచ్‌కి కావలసింది బంతి లేనివైపు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది. పదిమందీ ఫ్రేములో ఉండాలి, కెమెరా నెమ్మదిగా తిరగాలి. బ్యాటరీ, కార్డులో ఖాళీ ముందురోజు రాత్రే చూసుకో.

ఆటరోజు పని పెళ్లి పంక్తిలో వడ్డనలాంటిది. అడిగేదాకా ఆగకూడదు, చేతికి అడ్డం రాకూడదు. 30 సెకన్ల టైమౌట్‌లో, అంటే ఆట ఆపి కోచ్ బోర్డు మీద గీసి చెప్పే విరామంలో, మార్కర్ ఎండిపోయి ఉంటే పదిసెకన్లు అక్కడే పోతాయి. కాబట్టి రెండు బోర్డులు, నాలుగు మార్కర్లు, ఆటకు ముందు నాలుగూ గీసి చూడాలి. ఎవరు స్టూళ్లు, ఎవరు నీళ్లు, ఎవరు తువ్వాళ్లు అన్నది ముందే పంచుకోండి. మహిళల ఆటలో నాలుగు పది నిమిషాల క్వార్టర్లు, టీవీ ఆటలైతే ప్రతి క్వార్టర్లో గడియారం వెనక్కి తిరుగుతూ 5 నిమిషాల గుర్తుకు వచ్చాక ఆట ఆగిన మొదటిసారి మీడియా టైమౌట్, అంటే టీవీ ప్రకటనల విరామం వస్తుంది. గడియారం 5:20 చూపిస్తున్నప్పుడే నీ చేతులు సిద్ధంగా ఉండాలి. ఒక కాగితం మీద మిగిలిన టైమౌట్లు, పొసెషన్ బాణం (బంతి ఎవరిదో తేలనప్పుడు ఏ జట్టుకివ్వాలో చూపే గుర్తు) ఎటువైపుందో, జట్టు ఫౌళ్లు రాస్తూ ఉండు. క్వార్టర్‌లో ఐదో ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. నాలుగు కాగానే అసిస్టెంట్ కోచ్ చెవిలో పడేయాలి.

ఎవరైనా పడితే చెమట తడి నేలమీద ఉంటుంది. రెఫరీ రమ్మంటేనే లోపలికి వెళ్లు. పొడి తువ్వాలుతో ముందు అద్ది, తర్వాత ఇంకో తువ్వాలుతో తుడువు. అప్పటికే నానిన తువ్వాలుతో రుద్దితే తడి ఇంకా పరుచుకుంటుంది. జెర్సీ మీద రక్తం పడితే ప్లేయర్ ఆట వదిలి రావాలి, అందుకే పేరులేని అదనపు జెర్సీ ఎప్పుడూ నీ సంచిలో ఉండాలి. ఆ మరకకు వేడినీళ్లు తగలనివ్వకు, గట్టిపడిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టు. జెర్సీలు తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతికి, ఆరేయాలి. డ్రయ్యర్ వేడికి అంకెలు పగులుతాయి. తువ్వాళ్లకు సాఫ్ట్‌నర్ వాడకు, మెత్తగా ఉంటాయి గానీ నీళ్లు పీల్చవు.

నోరు జాగ్రత్త అమ్మలూ, ఇది బతిమాలి చెబుతున్నాను. ఎవరి మోకాలు నొప్పిగా ఉంది, రేపు ఎవరు ఆడటం లేదు అన్నది రూమ్మేట్లకు కూడా చెప్పకు. పందేలు కాసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ సమాచారమే. సరదాగా అడిగినట్టే అడుగుతారు. నువ్వు స్వయంగా పందెం కాయడం ఎలాగూ కుదరదు, ఆ నిషేధం ప్లేయర్లతోపాటు అథ్లెటిక్స్ విభాగంలో పనిచేసేవాళ్లకీ ఉంది. ఫోన్లో ఆ యాప్‌లు ఉంటే ఇవాళే తీసేయి.

ఈ పనిలోంచి ఎదిగినవాళ్లున్నారు. ఇండియానా యూనివర్సిటీలో కోచ్ బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజర్‌గా ఉన్న లారెన్స్ ఫ్రాంక్ 2004లో ఎన్‌బీఏ ప్రొఫెషనల్ జట్టు న్యూజెర్సీ నెట్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. నీకు ఆ దారి అక్కర్లేకపోయినా, ఎవరి పని ఎవరికి ఎప్పుడు అందాలో తెలుసుకోవడం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.

ప్రాక్టీసు ఎక్కువగా మధ్యాహ్నాలు ఉంటుంది, చాలా కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీల లీగుల్లో) మహిళల ఆటలు గురు, ఆదివారాల్లో పడతాయి. గురువారం ల్యాబ్ పెట్టుకోకు. క్లాసుల లిస్టు రాగానే నాకు పంపు, ఏవి అడ్డం పడుతున్నాయో ఫోన్లో కూర్చుని చూద్దాం.

మీ బాబాయి