ఉంగరాన్ని ఊపుతున్నది ఎవరు?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "నా కళ్లతో నేను చూశాను మాస్టారూ!" ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పినవాడిని. పిల్లలు ల్యాబులో తమ కళ్లతో తాము చూసి రాసుకొచ్చిన రీడింగులు ఎన్ని కొట్టేశానో లెక్క లేదు. నావి నేను కొట్టేసుకున్నవీ ఉన్నాయి. కాబట్టి మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వీటితోనే కూర్చున్నాను.

ప్రశ్న: మా పిన్ని దారానికి ఉంగరం కట్టి వేలాడదీసి ప్రశ్న అడుగుతుంది. 'అవును' అయితే గుండ్రంగా తిరుగుతుంది, 'కాదు' అయితే అటూ ఇటూ ఊగుతుంది. పక్కనే కూర్చుని చూశాను, చెయ్యి కదపడం లేదు. మోసం చేసే మనిషి కాదు. ఎలా జరుగుతోంది? – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు మీ పిన్నికి ఒక మాట చెప్పు. ఆవిడ నిజాయితీ మీద నాకేమీ అనుమానం లేదు. అనుమానమంతా ఆవిడ చేతి మీదే. ఆ చెయ్యి కదులుతోంది, ఆ సంగతి ఆవిడకే తెలియడం లేదు.

ఇప్పుడే చేసి చూడు. జానెడు పైన దారం తీసుకుని చివర ఏదైనా చిన్న బరువు కట్టు. కాగితం మీద ప్లస్ గుర్తు గీసి, సరిగ్గా దాని నడిమధ్యకు వచ్చేలా పట్టుకో. చెయ్యి కదపకు. అడ్డగీత వెంట ఊగుతున్నట్టు మనసులో అనుకో, అంతే. కాసేపటికి ఊగడం మొదలవుతుంది. తర్వాత నిలువుగీతను తలుచుకో. కాస్త తడబడి దారి మార్చుకుంటుంది. లోలకం పాఠం చెప్పే రోజున నేను ఇది తప్పకుండా చేయించేవాణ్ణి. ఐదు నిమిషాల్లో క్లాసంతా గోల. "వీడే ఊపుతున్నాడు సార్!", "లేదు సార్, ఒట్టు!" ఇద్దరు చెప్పేదీ నిజమేరా అంటే ఇద్దరికీ నచ్చేది కాదు.

పావు మీటరు పొడవున్న లోలకం ఒకసారి వెళ్లి రావడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ తాళానికి వేలు వెంట్రుకవాసి కదిలినా చాలు, ఉయ్యాలను చిటికెన వేలితో తోసినట్టే, ఊపు పెరుగుతూ పోతుంది. ఆలోచన వెంట కండరం తనంతట తాను కదిలే ఈ తీరుకు 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు.

అంతకు ముందే ఫ్రాన్సులో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీని గుట్టు పట్టాడు. కొవ్వుల మీదా సబ్బుల మీదా పనిచేసినాయన. పాదరసం పైన పట్టుకుంటే లోలకం ఊగుతోంది, మధ్యలో గాజు పలక అడ్డం పెడితే ఆగిపోతోంది. ఇంకొకరైతే పాదరసపు మహిమ మీద అక్కడే ఒక గ్రంథం మొదలుపెట్టేవారు. ఈయన కళ్లకు గంతలు కట్టించుకుని, గాజు పలక ఎప్పుడు పెడుతున్నదీ ఎప్పుడు తీస్తున్నదీ తనకు చెప్పొద్దని సహాయకుడితో అన్నాడు. అంతటితో మహిమ మాయం. 1833లో ఆంపియర్‌కు లేఖ రూపంలో ఇదంతా అచ్చు వేశాడు. కరెంటు కొలతకు పేరిచ్చిన ఆంపియరే. షెవ్రోల్ 102 ఏళ్లు బతికాడు, దానికీ లోలకానికీ సంబంధం లేదులే.

మీ పిన్ని ఒప్పుకుంటే ఇలా చేయండి. రెండు మూతపెట్టిన డబ్బాలు, ఒకదానిలో నాణెం. ఎందులో పెట్టాలో ఇంకో నాణెం ఎగరేసి తేల్చాలి. పెట్టినవాళ్లు గదిలోంచి వెళ్లిపోవాలి. అలా ఇరవైసార్లు. ఊరికే ఊహించినా పది దాకా సరిపోతాయి. పదిహేను, అంతకు మించి కేవలం అదృష్టం మీద రావడం నూటికి రెండుసార్లే. కాబట్టి పదిహేను దాటితే నాకు ఉత్తరం రాయి, నేనే బయల్దేరి వస్తాను.

పెట్టినవాళ్లు ఎందుకు వెళ్లిపోవాలంటావా? జర్మనీలో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు అడిగితే గిట్టతో అన్నిసార్లు తట్టేది. 1904లో ఒక సంఘం వచ్చి చూసి, ఇందులో మోసం లేదని తేల్చింది. నిజంగానే లేదు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన, జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రానికి లెక్కలు రాకుండా పోయాయి. సరైన అంకె రాగానే అడిగేవాడి తల పిసరంత పైకి లేచేది, గుర్రం అది చూసి ఆగేది. ఆ తల లేవడం యజమానికే తెలియదు. గుర్రమే పట్టేసినప్పుడు, మీ పిన్ని నీ మొహం చదవలేదా?

ప్రశ్న: మీ పత్రికలోనే 42వ పేజీలో రాశిఫలాలు వేస్తారు, 43వ పేజీలో మీరు మూఢనమ్మకాలంటారు. పోయిన వారం నా రాశికి రాసింది అక్షరాలా జరిగింది. ఎవర్ని నమ్మమంటారు? – ఒక పాత చందాదారు

జవాబు: ఎడిటరుగారితో ఈ తగాదా నాకు పాతదే. "మీ పేజీకి వచ్చే ఉత్తరాల కంటే ఆ పేజీకి వచ్చేవి ఎక్కువండీ" అంటాడాయన. ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు.

మీరన్న 'అక్షరాలా' గురించి మాత్రం ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకు రాసి ఇచ్చాడు. మీ గురించి ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయండి అన్నాడు. సగటు 4.26 వచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, అందరికీ ఇచ్చింది ఒక్కటే కాగితం. వాక్యాలు దుకాణంలో కొన్న జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవి. పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల బెంగ ఎక్కువ లాంటివి. అది ఎవరికి వర్తించదు చెప్పండి, నాకు తప్ప? నాకు పైకి కూడా బెంగే.

మీరు ఒక పని చేయండి. వచ్చే వారం ఆ పేజీని ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి, రాశుల పేర్లు కత్తిరించేసి, పన్నెండు ముక్కలూ కలిపి ఇమ్మనండి. వారం గడిచాక మీకు జరిగింది ఏ ముక్కలో ఉందో మీరే ఏరుకోండి. జ్యోతిష్కులకు కూడా ఇలాంటి పరీక్ష జరిగింది. 1985లో నేచర్ పత్రికలో షాన్ కార్ల్‌సన్ అచ్చువేసిన ప్రయోగం అది. ఒక జాతకం, ముగ్గురి స్వభావ వివరాలు, ఇందులో ఈ జాతకం ఎవరిదో చెప్పాలి. సగమైనా సరిగ్గా చెప్తామన్నారు. మూడింట ఒక వంతే వచ్చింది, కళ్లు మూసుకుని వేలు పెట్టినా అంతే. ఆ ప్రయోగంలో నాకు నచ్చింది ఫలితం కాదు. పద్ధతి న్యాయంగా ఉందా అని జ్యోతిష్కులనే ముందుగా సంప్రదించి తయారు చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద నా పరువు తీసే చోట మళ్లీ వస్తుంది.

ప్రశ్న: పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ముహూర్తాలు చూస్తుంటే మాలాంటి వాళ్లను ఎందుకంటారు? – ఒక ఉద్యోగి

జవాబు: శాస్త్రవేత్త కూడా మనిషే. న్యూటన్ లోహాలను బంగారం చేసే విద్య వెంట ఏళ్ల తరబడి తిరిగాడు. అయినా గురుత్వాకర్షణ సూత్రాన్ని మనం నమ్మేది న్యూటన్ మొహం చూసి కాదు. శాస్త్రం మనుషుల్ని నమ్మదు, అదే దాని బలం.

1903లో ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో బ్లాండ్లో అనే పేరున్న భౌతిక శాస్త్రజ్ఞుడు కొత్త కిరణాలు కనుక్కున్నానన్నాడు. ఊరి పేరు మీద ఎన్-కిరణాలన్నాడు. చీకటి గదిలో, మసక వెలుగు పిసరంత పెరిగిందా లేదా అని కంటితో చూసి తేల్చాలి. ఇంకా చాలామంది మాకూ కనిపించాయన్నారు. మరుసటి ఏడు అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ చూడ్డానికి వచ్చాడు. ప్రయోగం నడుస్తుండగా, ఆ చీకట్లో పరికరంలోంచి అల్యూమినియం పట్టకాన్ని మెల్లగా తీసేశాడు. అది లేకపోతే కిరణాలు విడిపోయే దారే లేదు. చూసేవాళ్లకు మాత్రం కిరణాలు ఎప్పటిలాగే, ఎప్పటి చోటే కనిపిస్తున్నాయి! వాళ్లూ "నా కళ్లతో నేను చూశాను" అన్నవాళ్లే, అబద్ధాలకోరులు కారు. గుడ్డి నమ్మకం అని మనం అవతలివాళ్లను అంటుంటాం గానీ, ఏరికోరి కళ్లకు గంతలు కట్టుకునేది శాస్త్రమే.

ప్రశ్న: అయస్కాంతం కంకణం పెట్టుకున్న పది రోజులకు నడుంనొప్పి తగ్గింది. రక్తంలో ఇనుము ఉంటుంది కదా? – ఒక రిటైర్డ్ గుమాస్తా

జవాబు: ఉంటుంది, కానీ మేకులో ఉన్న ఇనుములా కాదు. హీమోగ్లోబిన్ అణువులో ఇరుక్కుని ఉంటుంది, అయస్కాంతం దాన్ని పట్టి లాగలేదు. ఎమ్మారై యంత్రంలో 1.5 టెస్లా, 3 టెస్లా క్షేత్రం ఉంటుంది. మీ కంకణం దాని ముందు ఏ మూలకూ రాదు. రక్తం అయస్కాంతానికి అంటుకునేదే అయితే ఆ యంత్రంలోకి వెళ్లినవాడు మనిషిగా తిరిగి వచ్చేవాడు కాదు.

మా ఆవిడ నాకూ ఒకటి తొడిగింది. నాకూ తగ్గింది. అయితే తొడిగించుకున్నది ఎప్పుడు? మంచం మీంచి లేవలేని రోజున. నొప్పి శిఖరాన ఉన్నప్పుడే మనం కొత్త వైద్యం వెతుకుతాం, శిఖరం నుంచి దారి కిందికే. దిగే వేళకు చేతికి ఏది ఉంటే పేరు దానికి దక్కుతుంది. కంకణం ఉంచుకోండి, తీసేయమని నేను అనను. ఒకవేళ కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, కంకణానికి ఇంకో పది రోజులు గడువు ఇవ్వకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ విషయంలో నేను సరదాగా మాట్లాడటం లేదు.

ప్రశ్న: సార్, నేను ఆరో తరగతి. పిల్లలు చేసే ప్రయోగాన్ని పెద్ద శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారా?

జవాబు: ఒప్పుకుంటారు నాన్నా. అమెరికాలో ఎమిలీ రోజా అనే పాప నాలుగో తరగతి సైన్స్ ప్రాజెక్టుగా ఒకటి చేసింది. మనిషి చుట్టూ ఉండే శక్తిని ముట్టుకోకుండానే చేతులతో పసిగట్టగలం అనేవాళ్లు 21 మందిని కూర్చోబెట్టింది. మధ్యలో అట్ట అడ్డం. వాళ్లు రెండు చేతులూ అటు పెట్టాలి. ఎమిలీ నాణెం ఎగరేసి, ఏదో ఒక చేతి పైన తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి పైనో చెప్పాలి. 280 సార్లు అడిగితే 123 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం చెప్పినా 140 దాకా చెప్పేది. 1998లో అమెరికా వైద్యుల సంఘం పత్రికలో అచ్చయింది. అప్పటికి ఎమిలీకి 11 ఏళ్లు. నీకు కావలసింది అట్టముక్క, నాణెం, నోటుబుక్కు. తప్పిన లెక్కలు కూడా రాయాలి సుమా!

ప్రశ్న: మా నాన్నగారితో ఈ విషయాల మీద రోజూ గొడవే. రుజువులు చూపిస్తే ఇంకా మొండికేస్తారు. ఎలా ఒప్పించాలి? – విసిగిపోయిన కొడుకు

జవాబు: ఈ విషయంలో నేను సలహా ఇవ్వడానికి అర్హుణ్ణి కాను. ఎందుకు కానో చెప్తాను.

మా బాబాయి పంగలకర్రతో నీళ్లు చూసేవాడు. కర్ర రెండు కొమ్ములూ అరచేతుల్లో బిగించి నడుస్తుంటే, ఒకచోట మొన గిర్రున కిందికి వంగేది. ఉంగరం లాంటిదే ఇదీ. కొమ్ములు వంచి బిగించి పట్టుకున్నప్పుడు మణికట్టు కాస్త తిరిగితే చాలు. అప్పుడే ఉద్యోగంలో చేరిన కొత్త, ఒంటి నిండా సైన్సు. ఇంట్లో శుభకార్యానికి చుట్టాలందరూ వచ్చిన రోజున పది బకెట్లు వరసగా పెట్టి మూతలేశాను. అయిదింటిలో నీళ్లు, అయిదు ఖాళీ. "బాబాయ్, చూపించు" అన్నాను. ఆయన నవ్వుతూనే లేచాడు. అయిదు చూపించాడు. రెండింటిలోనే నీళ్లున్నాయి.

మూత తీసినప్పుడల్లా పిల్లలు కేకలు. అయిదో మూతకు పెద్దవాళ్లు కూడా నవ్వారు. "అది భూమిలో పారే నీటికి వంగుతుందిరా, బకెట్లో నిలవ నీటికి కాదు" అన్నాడు. కర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆరేళ్లు మా గుమ్మం తొక్కలేదు.

ప్రయోగంగా చూసినా అది చెత్త ప్రయోగమే. బకెట్లు పెట్టిన నేను పక్కనే నిలబడ్డాను. అయిదుసార్లకు ఏమీ తేలదు. అన్నిటికంటే ముందు, ఇది న్యాయమైన పరీక్షేనా బాబాయ్ అని ఆయన్ను అడగలేదు. అడిగి ఉంటే, పారే నీళ్ల సంగతి ముందే చెప్పేవాడు. నేల కింద గొట్టాలు వేసి నీళ్లు వదిలి చూసుకునేవాళ్లం. కర్ర అప్పుడూ ఓడిపోయేదనే నా నమ్మకం, కానీ నాతో కలిసి ఓడిపోయేది.

మీ నాన్నగారిని రోజూ ఓడించడం మానేసి, ఒక్కరోజు "ఏది జరిగితే ఇది తప్పని ఒప్పుకుంటారు నాన్నా?" అని అడిగి చూడండి. ఆయన తిరిగి అదే ప్రశ్న మిమ్మల్ని అడగొచ్చు. మీ జవాబు సిద్ధం చేసుకునే వెళ్లండి.

ప్రశ్న: మాస్టారూ, నిజం చెప్పండి, మీకు ఒక్క సెంటిమెంటు కూడా లేదా? – పేరు వద్దు

జవాబు: 1948లోనే స్కిన్నర్ అనే సైకాలజిస్టు ఆకలిగా ఉన్న పావురాలను బోనులో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని క్షణాలకోసారి గింజలు వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఎనిమిదిలో ఆరు పావురాలకు ఏవేవో అలవాట్లు పట్టుకున్నాయి. గింజలు పడే వేళకు ఒకటి బోనులో గుండ్రంగా తిరుగుతోంది, ఇంకోటి తల ఎత్తి పైమూలకు పొడుస్తోంది. తమ వల్లే గింజలు వస్తున్నాయన్నట్టు!

నేను పరీక్షలన్నీ ఒకే నల్ల పెన్నుతో రాసేవాణ్ణి. ఆఖరి పరీక్ష రోజున అది పోయింది. పక్కవాడి పెన్ను అడిగి రాశాను, మార్కులు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. వాడి పెన్ను ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.