పడతానని నన్ను లేవనివ్వడం లేదు

ప్రశ్న: నా వయసు 69. మాది దివిసీమలో ఒక పల్లెటూరు. ఏడాది కిందట మా ఆయన పోయాక మా అబ్బాయి నన్ను హైదరాబాద్ తీసుకొచ్చాడు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులే. నన్ను కళ్లలో పెట్టుకుని చూస్తారు. నాలుగు నెలల కిందట రాత్రిపూట బాత్రూంలో పడిపోయాను. ఎముకలేవీ విరగలేదు గానీ పిల్లలు బాగా బెదిరిపోయారు. అప్పట్నుంచి నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వరు. వంటమనిషిని పెట్టారు. లేస్తే చాలు, ‘నువ్వు కూర్చో అమ్మా, ఏం కావాలో చెప్పు’ అంటారు. కిందికి దిగుతానంటే ‘ఒక్కదానివీ వద్దు’ అంటారు. ఊళ్లో రెండు గేదెల పని, పెరట్లో కూరపాదులు అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాల్సి వస్తోంది. రాత్రి లేచే పని ఉండకూడదని సాయంత్రం ఐదు దాటాక మంచినీళ్లు మానేశాను. షుగరుకీ బీపీకీ మందులున్నాయి, నిద్ర పట్టడం లేదంటే ఒక బిళ్ల రాసిచ్చారు. తెల్లారితే ఎందుకు లేవాలా అనిపిస్తుంది. ఊరెళ్లిపోతానంటే అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఇంత బాగా చూసుకునే బిడ్డల మీద ఫిర్యాదు చేస్తున్నానంటే నాకు విశ్వాసం లేనట్టేనా?

జవాబు: కాదమ్మా. మీరు ఫిర్యాదు చేయడం లేదు, మీ ఒంట్లో ఏం జరుగుతోందో సరిగ్గా గమనించి చెబుతున్నారు. ఏడాది కిందటి వరకూ గేదెలకు మేత వేసి, కుడితి బకెట్లు మోసిన మనిషి ఇవాళ కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనిస్తున్నారంటే అది వయసు ఒక్కదానివల్ల జరిగే పని కాదు. నాలుగు నెలల్లో వయసు అంత తేడా తీసుకురాదు. కూర్చోబెట్టడం తెస్తుంది.

వయసు మళ్లిన ఒంట్లో వాడని కండ చాలా తొందరగా కరిగిపోతుంది. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. మీరు మంచాన పడలేదు, నిజమే, కానీ సోఫాకీ మంచానికీ మధ్య నాలుగు నెలలు గడిపారు. కాళ్లలో బలం పోతే మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. మీ పిల్లలు దేనికి భయపడి మిమ్మల్ని కూర్చోబెట్టారో, ఆ కూర్చోబెట్టడమే దాన్ని దగ్గరికి తెస్తోంది. వాళ్లకు ముందు అర్థం కావాల్సింది ఇదే.

పోయిన బలం తిరిగొస్తుందా అని మీరు అడగలేదు గానీ ఆ అనుమానం మీ ఉత్తరంలో ఉంది. వస్తుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న, బాగా బలహీనపడిన పది మందితో ఎనిమిది వారాల పాటు కాళ్లకు బరువులు కట్టి వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున రెండింతలు దాటి పెరిగింది. వాళ్లలో ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. మీకింకా డెబ్బై నిండలేదు.

ఇవాళే ఒక పరీక్ష చేసుకోండి, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి. పదిహేను సెకన్లకంటే ఎక్కువ పట్టినా, చేతులు ఆనించకుండా లేవలేకపోయినా కాళ్లు బలహీనంగా ఉన్నట్టే లెక్క. మందు కూడా అదే కుర్చీ. మొదటి వారం చేతులు ఆనించే లేవండి, పూటకు ఐదుసార్లు. తేలికయ్యాక ఒక చెయ్యి, ఆ తర్వాత ఏ చెయ్యీ లేకుండా. డైనింగ్ టేబుల్ అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి మెల్లగా మడమలు దించడం, అలాగే పట్టుకుని ఒక పాదం వెనకే ఇంకో పాదం వరసగా పెడుతూ నడవడం, ఈ రెండూ తూలును తగ్గిస్తాయి. అరవై ఐదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా ఇలా బలాన్నీ, తూలకుండా నిలదొక్కుకోవడాన్నీ పెంచే వ్యాయామం చేయాలనీ, నడక లాంటిది వారం మొత్తం మీద కనీసం 150 నిమిషాలు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒట్టి నడకతో సరిపోదు. నడక గుండెకు మంచిదే గానీ కుర్చీలోంచి లేపే తొడ కండకు బరువు పడాలి. మోకాళ్లు నొప్పులుంటే నాలుగైదు రోజులు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకుని పద్ధతి నేర్చుకోండి, ఆ డబ్బు దండగ కాదు. గుండెల్లో నొప్పిగానీ కళ్లు తిరగడంగానీ ఉంటే మాత్రం ఆపేసి డాక్టర్ని కలవండి.

ఇంకో సంగతి. మీరు పడిపోయారని అందరూ భయపడ్డారు. ఎందుకు పడ్డారని ఎవరైనా అడిగారా? ఎముకల ఎక్స్‌రే తీశారు, ఏమీ కాలేదన్నారు, ఇంటికి తెచ్చారు, అంతేనా? రాత్రి లేచినప్పుడే పడ్డానన్నారు కాబట్టి నాకు కొన్ని అనుమానాలున్నాయి. బీపీ బిళ్లలు వాడే పెద్దవాళ్లలో కొందరికి పడుకుని లేచి నిలబడగానే బీపీ ఒక్కసారి పడిపోతుంది. డాక్టర్ని అడిగి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ బీపీ చూడమనండి. పై అంకె ఇరవైగానీ అంతకంటే ఎక్కువగానీ తగ్గితే మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. నిద్రబిళ్ల మత్తు అర్ధరాత్రి కూడా కాళ్లలో ఉంటుంది, పెద్దవాళ్లు పడిపోవడానికి అది పేరుమోసిన కారణం. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఎలా తగ్గించాలో రాసిచ్చినవాళ్లనే అడగండి. షుగరుకు ఏ బిళ్ల వాడుతున్నారో చూపించండి. కొన్ని బిళ్లలు రాత్రిపూట షుగరును బాగా దించేస్తాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ల ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గి పాదాలు తిమ్మిరెక్కుతాయి, నేల ఆనినట్టు తెలియదు. కళ్లకు శుక్లాలేమైనా వచ్చాయేమో కూడా చూపించుకోండి.

ఇక మంచినీళ్లు. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ఒక్క మాటే. సాయంత్రం ఐదు నుంచి తెల్లారేదాకా గొంతు తడపకపోతే ఒంట్లో నీరు తగ్గి లేవగానే కళ్లు తిరుగుతాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్లూ పట్టుకుంటాయి. రాత్రి మళ్లీ పడతానన్న భయం ఒకటైతే, బాత్రూం చేరేలోపే నాలుగు చుక్కలు పడిపోతాయన్న బెంగ కూడా ఉందా? ఉంటే దాచుకోకండమ్మా. మీ వయసు ఆడవాళ్లలో ఇది చాలామందికి ఉంది, సిగ్గుపడి చెప్పరు, పెళ్లిళ్లకీ గుళ్లకీ వెళ్లడం మానేసుకుని ఇంట్లో ఉండిపోతారు. దీనికి వైద్యం ఉంది. మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాలను బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఇలా పూటకు ఎనిమిది పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది, మధ్యలో వదిలేయొద్దు. గైనకాలజిస్టుకి చెబితే ఇంకా సాయం చేస్తారు. నీళ్లు పగలంతా బాగా తాగండి, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. సాయంత్రం కాఫీ టీలు మానేస్తే చాలు.

తిండి విషయం మీరేమీ రాయలేదు. పని లేకపోతే ఆకలి ఉండదు, ‘రాత్రికి ఇంత మజ్జిగన్నం చాలు’ అంటూ ఉంటారని నా ఊహ. కండ పెరగాలంటే వ్యాయామంతో పాటు మాంసకృత్తులు కావాలి. పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున, కుదిరితే కాస్త ఎక్కువే అందాలి. మీరు యాభై ఐదు కిలోలుంటే రోజుకు యాభై ఐదు, అరవై గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలల్లో ఆరేడు, పిడికెడు వేరుశనగ గుళ్లలో ఏడు. అన్నం కాస్త తగ్గించి పప్పు గట్టిగా కలుపుకోండి. మూడు పూటల్లోనూ ఏదో ఒకటి ఉండాలి, ఒక్క మధ్యాహ్నం పప్పుతో సరిపెట్టకండి. షుగరూ బీపీ ఉన్నాయి కాబట్టి కిడ్నీ పరీక్ష చేయించుకుని, క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం డాక్టర్ చెప్పిన మేరకే తినండి. ఆవకాయా మాగాయా మానేయమనను గానీ నంజుకునేంతకు తగ్గించండి.

ఇక్కడి నుంచి రాసేది మీ అబ్బాయికీ కోడలికీ. ఫోన్ వాళ్ల చేతికే ఇవ్వండి.

బాబూ, అమ్మాయీ, మీ ఇంట్లో అమ్మకు కొదవేమీ లేదని ఆవిడే రాశారు. నాన్నగారు పోయిన ఏడాదిలోనే అమ్మ కింద పడి కనిపిస్తే ఎంత భయం పుడుతుందో అర్థమవుతుంది. ఆ భయానికి చేయగలిగిన పని ఉంది, చేయండి. బాత్రూంలో కమోడ్ పక్కనా స్నానం చేసేచోటా గోడకు గట్టి స్టీలు రాడ్లు బిగించండి. తువ్వాలు తగిలించే కమ్మీ మనిషి బరువు ఆపదు. కాలు జారని మ్యాటు వేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. లోపల గడియ తీసేసి బయటినుంచి కూడా తెరుచుకునే తాళం పెట్టించండి. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి వెనక పట్టీ ఉన్నవి కొనండి. మంచం అంచున ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడమని అమ్మకు చెప్పండి. ఇవన్నీ ఒక ఆదివారం పని. అది అయిపోయాక ‘కూర్చో అమ్మా’ అనడం ఆపేయండి.

ఆపడమే కాదు, ఆవిడకు పని అప్పగించండి. ఏదో తోచకుండా ఉండటానికి అన్నట్టు కాదు, ఆవిడ చేయకపోతే ఇంట్లో లోటు తెలిసే పని. వంటమనిషి వద్దనక్కర్లేదు, ఏం వండాలో అమ్మ చెప్పాలి, ఉప్పూ కారం ఆవిడ చూడాలి. వారానికి ఒకసారి రైతుబజారుకు తీసుకెళ్లండి, కూరలు ఆవిడ ఏరాలి, బేరం ఆవిడే చేయాలి. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టి బచ్చలీ పుదీనా ఆవిడకు వదిలేయండి, మీరు నీళ్లు పోయొద్దు. 1976లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధాశ్రమంలో ఇదే చూశారు. ఒక అంతస్తువాళ్లకు మీ నిర్ణయాలు మీవేనని చెప్పి, తామే పెంచుకోవడానికి తలా ఒక మొక్క ఇచ్చారు. ఇంకో అంతస్తువాళ్లకు అన్నీ సిబ్బంది చూసుకుంటారని చెప్పి, మొక్కలకు నీళ్లు కూడా సిబ్బందే పోశారు. మూడు వారాలకే మొదటివాళ్లు ఇంకా చురుగ్గా, సంతోషంగా, నలుగురితో కలుస్తూ కనిపించారు. పెన్షన్ పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ మీ దగ్గరుంటే అవి కూడా ఆవిడకు ఇచ్చేయండి. అన్నీ సర్దిపెట్టినా అమ్మ మళ్లీ పడదని నేను హామీ ఇవ్వలేను. కానీ కదలనివ్వకుండా ఉంచితే పడటం ఖాయంగా దగ్గరపడుతుంది, అప్పుడు తట్టుకునే బలం కూడా ఉండదు.

మళ్లీ మీ దగ్గరికొస్తానమ్మా. అబ్బాయితో ఎలా మాట్లాడాలో తెలియక ఊరెళ్లిపోతానంటున్నారు, ఆ మాట అతనికి ‘నువ్వు సరిగా చూడటం లేదు’ అన్నట్టు వినిపిస్తోంది. ఇలా చెప్పి చూడండి: ‘ఒరేయ్ నాన్నా, నీ ప్రేమ నాకు తెలుసు. రోజూ పొద్దున్నా సాయంత్రం కిందికి దిగి తిరుగుతాను, ఫోన్ చేతిలో ఉంటుంది. ఒక్క నెల చూడు. నెలయ్యాక కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తానో నువ్వే లెక్కపెట్టు.’ ఒక్కసారిగా అన్నీ అడగకండి. ముందు నడక, ఆ తర్వాత వంటింటి పెత్తనం. సాయంత్రం కింద బెంచీల మీద మీ వయసువాళ్లు కూర్చుంటారు కదా, వాళ్లలో ఒక్కరితో నడక జత కుదుర్చుకుంటే అబ్బాయికీ ధైర్యం.

‘తెల్లారితే ఎందుకు లేవాలా’ అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నలభై యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి పోయి ఏడాది, ఆపైన ఊరూ పనీ పోయాయి, దిగులు ఉండటం సహజం. కానీ అది రోజంతా, రెండు వారాలు దాటి ఉండిపోతే, ఆకలి చచ్చిపోతే, బతకడం అనవసరం అనిపిస్తే అది వైద్యం చేయించుకోవాల్సిన జబ్బు, వయసు అనుకుని భరించొద్దు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కోడలికి ఈ మాట ఇవాళే చెప్పండి, ఆవిడ వింటారని మీ ఉత్తరం చూస్తే నమ్మకం కలుగుతోంది.

ఊరి సంగతి ఇప్పుడే తేల్చకండి. ఇల్లు అమ్మొద్దు, అద్దెకూ ఇవ్వొద్దు. మూడు నెలలు కాళ్లకు పని చెప్పి, మందులు సరిచేయించుకుని, చేతులు ఆనించకుండా లేవగలిగాక ఒక నెల ఊళ్లో ఉండి రండి, మొదటి వారం అబ్బాయిని కూడా తోడు రమ్మనండి. అక్కడి బాత్రూం గోడకు కూడా రాడ్లు బిగించి వస్తాడు. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ అన్నది ఇద్దరికీ సరిపడే ఏర్పాటు కావచ్చు. బలం వచ్చాక తీసుకునే నిర్ణయం వేరుగా ఉంటుంది, అది మీరే తీసుకోండి.