పూర్తి మెజారిటీతో గెలిచిన ప్రభుత్వానికి కూడా రాజ్యాంగం హద్దులు పెట్టడం అవసరమా?

అవసరమే. మా ప్రహరీ గోడ మీద ఎర్రగీత పడ్డ రోజు నుంచి నా అభిప్రాయం ఇదే.

కొన్నేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తున్నామంటూ ఇద్దరు ఉద్యోగులు టేపు పట్టుకుని వచ్చారు. లోపలికి కొలిచి, గోడ మీద '9 అడుగులు' అని రాసి, "ఎల్లుండికి ఖాళీ చేసి పెట్టుకోండి" అన్నారు. కాగితం ఏదండీ అంటే, "పైనుంచి ఆర్డర్ సార్, తర్వాత వస్తుంది" అన్నారు. వాళ్లు వీధి మలుపు తిరగకముందే నాన్న పూలకుండీలు లోపలికి జరపడం మొదలుపెట్టారు. "గవర్నమెంటుతో మనకెందుకురా" అని ఆయన టెన్షన్.

తెలిసిన లాయరు గారు రాజ్యాంగంలోని 300ఏ అధికరణం చూపించారు. ఒక్కటే వాక్యం: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది కాబట్టి ఇక దిక్కు లేదనుకున్నాను. తీసి ఇక్కడ పెట్టారని అప్పుడే తెలిసింది. ప్రభుత్వం హద్దు దాటితే నేరుగా హైకోర్టుకు వెళ్లనిచ్చే 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేశాం.

కోర్టు రోడ్డు పని ఆపమనలేదు. నోటీసు ఇవ్వండి, వాళ్లు చెప్పేది వినండి, చట్టప్రకారం పరిహారం ఇవ్వండి, అప్పటిదాకా గోడ ముట్టుకోవద్దు అంది. అంతే. తీరా నోటీసుతో వచ్చిన ప్లాన్ చూస్తే మా వైపు పోవాల్సింది ఆరడుగులే! మిగతా మూడూ ఎక్కడివో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. గోడ పోయింది, వరండా మిగిలింది.

"జనం గెలిపించాక మధ్యలో కోర్టులేంటి" అని అడిగేవాళ్లున్నారు. మేమూ ఓటేశాం. ఆ టేపుకు మాత్రం వెయ్యలేదు.

అలాగని రాజ్యాంగంలో రాసుంటే చాలని నేననుకోను. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దాని మూల లక్షణాల్ని, పార్లమెంటు కూడా మార్చడానికి వీల్లేదని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ 13 మంది జడ్జీల్లో 7-6 తేడాతో. మూడేళ్లకే, ఎమర్జెన్సీలో, జైల్లో పెట్టిన మనిషి కోర్టు తలుపు తట్టే వీల్లేదని అదే సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. కాదన్న ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి ఏడాది ఆయన్ని పక్కనపెట్టి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. ఎమర్జెన్సీలో కూడా ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్ని పక్కన పెట్టకుండా కట్టడి చేసింది, నేను ఇందాక తిట్టుకున్న ఆ 44వ సవరణే. ఇది చదివాక దాని మీద కోపం కొంత తగ్గింది.

పూర్తిగా తగ్గనిది ఇంకోటుంది. మా పక్కింటాయన లాయరు ఖర్చుకు భయపడి మాతో రాలేదు. ఆయన గోడ తొమ్మిదడుగుల గీత దగ్గరే కూలింది. మాకు వరండా ఉన్నచోట ఆయనకిప్పుడు రెండు మెట్లు, వెంటనే రోడ్డు.